మోంజా పాత ట్రాక్ నమూనా: అయిదు మీటర్ల దారం, ఒక వాలు మలుపు (ప్రాజెక్టు డైరీ)

దశ 1: ఏది కడుతున్నాను, ఏది వదిలేశాను

ఇటలీలో మిలాన్ పక్కనున్న మోంజా కార్ల రేసు ట్రాక్‌ను 1922లో రాజభవనం తాలూకు పార్కులో కట్టారు. 3,500 మంది కూలీలు కొన్ని నెలల్లో పూర్తి చేశారు. రేసుల కోసమే ప్రత్యేకంగా కట్టిన ట్రాకుల్లో ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్, అమెరికాలోని ఇండియానాపొలిస్ తర్వాత ఇదే. ఆ తర్వాత దాన్ని ఎన్నిసార్లు కూల్చి, వంచి, మళ్ళీ పోశారో లెక్క చెప్పడం కష్టం.

1922, 1948, 1955 రూపాలు మూడింటినీ ఒకే బోర్డు మీద మూడు రంగుల్లో చూపిద్దామని మొదలుపెట్టి, మూడు ఆదివారాలు పాడుచేసుకున్నాను. 1:2000 స్కేలులో 10 మీటర్ల రోడ్డు 5 మిల్లీమీటర్లే. పాత ఓవల్ (కోడిగుడ్డు ఆకారపు ట్రాకు), కొత్త ఓవల్ దాదాపు ఒకే చోట ఉంటాయి. మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి పడి చీమల బారులా తయారైంది. మీరు చేస్తే ఒక్క రూపమే ఎంచుకోండి.

నేను 1955-61 రూపం తీసుకున్నాను. అందులో రెండు ట్రాకులున్నాయి: 5.750 కిలోమీటర్ల రోడ్డు ట్రాకు, 4.250 కిలోమీటర్ల ఓవల్. కలిపితే సరిగ్గా 10 కిలోమీటర్లు. ఒక్కో ల్యాపులో కార్లు పిట్ల (రేసు మధ్యలో టైర్లు మార్చుకోవడానికి ఆగే చోటు) ముందు నుంచి రెండుసార్లు వెళ్ళేవి. ఈ పూర్తి రూపం మీద ఫార్ములా వన్ గ్రాండ్ ప్రీలు జరిగింది నాలుగేళ్ళే: 1955, 1956, 1960, 1961. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ 10 అనే గుండ్రటి అంకె. 1:2000లో 10 కిలోమీటర్లంటే 5 మీటర్లు. ట్రాకు వెంబడి దారం పరిచి కొలిస్తే సరిగ్గా 5 మీటర్లు రావాలి. తప్పు చేస్తే ఆ దారమే చెప్పేస్తుంది.

దశ 2: దారం మూడుసార్లు

మొదటి కొలత: 4.85 మీటర్లు. 15 సెంటీమీటర్లు తక్కువ, అంటే అసలు నేల మీద 300 మీటర్లు గల్లంతు. రెండు రోజులు మలుపులన్నీ మళ్ళీ గీశాను. తీరా చూస్తే తప్పు గీతలో లేదు. మ్యాపును ఏ4 కాగితాలుగా ముక్కలు చేసి ప్రింటు తీయించినప్పుడు షాపులో కాగితానికి సరిపడేలా 97 శాతానికి కుదించారు. 5 మీటర్లలో 97 శాతం 4.85. అంకె మొదటి నుంచీ నా ముందే ఉంది, నేనే చదువుకోలేదు. ఇప్పుడు ప్రతి కాగితం మీదా 100 మిల్లీమీటర్ల గీత ఒకటి వేయించి, షాపు గుమ్మం దాటకముందే స్కేలు పెట్టి చూసుకుంటున్నాను.

రెండో కొలత: 4.967. ఈసారి 33 మిల్లీమీటర్లు తక్కువ. నేను రోడ్డు మధ్య గీత బదులు లోపలి అంచు వెంబడి ట్రేస్ చేశాను. ఇక్కడ ఒక సరదా లెక్క ఉంది. మూసుకునే దారి ఏ ఆకారంలో ఉన్నా సరే, లోపలికి ఎంత జరిగితే పొడవు దానికి 6.28 రెట్లు తగ్గుతుంది. మోంజా పూర్తి ల్యాపులో కారు కుడివైపుగా రెండు పూర్తి చుట్లు తిరుగుతుంది కాబట్టి 12.57 రెట్లు. నేను జరిగింది 2.5 మిల్లీమీటర్లు. గుణిస్తే 31. మిగిలిన రెండూ నా చేతి వణుకు.

మూడో కొలత: 5.004. నేల మీద 8 మీటర్లు ఎక్కువ. అక్కడ ఆపేశాను.

ఇప్పటి మ్యాపు నుంచి పాతది గీసేవాళ్ళు సరిచేసుకోవాల్సినవి:

1. పిట్ల తర్వాత వచ్చే మొదటి షికేన్ (వేగం తగ్గించడానికి పెట్టే మెలి మలుపు) తీసేయండి. అప్పట్లో అక్కడ ఏమీ లేదు, కార్లు నేరుగా కుర్వా గ్రాండే మలుపులోకి దూసుకెళ్ళేవి.
2. రోజ్జా షికేన్ తీసేయండి.
3. అస్కారి షికేన్ తీసేసి, అక్కడ వియలోనే అనే ఒక్క ఎడమ మలుపు పెట్టండి. షికేన్లన్నీ 1972 నుంచి వచ్చినవే.
4. రెండో లెస్మో మలుపును 1994లో బిగించారు. నేను ఇప్పటి ఆకారమే గీసి, తర్వాత చెరిపాను.
5. పారబోలికా మలుపు ఉంచండి. అది 1955లో వచ్చిందే. అంతకుముందు అక్కడ రాళ్ళు పరిచిన రెండు మలుపులుండేవి. 2021 నుంచి దాని పేరు అల్బోరెతో మలుపు.

ఇంకో తప్పు: 4 అడుగులు × 2 అడుగుల ప్లైవుడ్ ముందే కొనేశాను. మ్యాపు పరిస్తే లెస్మో మలుపులు బోర్డు దాటి గాల్లో ఉన్నాయి. ఆ ప్లైవుడ్ ఇప్పుడు వంటింట్లో బియ్యం డబ్బా కింద ఉంది.

ఇప్పటిదాకా: 14 గంటలు, రూ. 800. అందులో రూ. 680 వృథా.

దశ 3: అడుగు బోర్డు, దాటుకునే చోటు

కొత్త బోర్డు 4 × 3 అడుగులు, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్. దాని మీద 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు (మెత్తటి ఫోమ్ షీటు). ఈ రెండో పొర మొదట్లో నా ఆలోచనలో లేదు, ఒక తప్పు వల్ల వచ్చింది.

రోడ్డు ట్రాకు, ఓవల్ ఒక్కచోటే ఒకదాన్నొకటి దాటుకుంటాయి. రెండో లెస్మో తర్వాత సెరాల్యో దగ్గర రోడ్డు ఓవల్ కింద నుంచి పోతుంది. నేను ఓవల్‌ను అక్కడ చిన్న ఫ్లైఓవర్‌లా పైకి లేపాను. చూడటానికి బాగానే ఉంది కానీ తప్పు. పాత ఫొటోల్లో ఓవల్ ఎక్కడా పైకి లేవదు. రోడ్డే పల్లంలోకి దిగి, కింద నుంచి దూరి, మళ్ళీ ఎక్కుతుంది. ఇప్పటి రేసుల్లోనూ అస్కారి ముందు కార్లు ఒక పాత కాంక్రీటు వంతెన కింద నుంచి వస్తాయి. ఆ వంతెనే ఇది.

ప్లైవుడ్‌లో పల్లం తవ్వాలని ఉలి తీసుకుని కూర్చుంటే పొరలు పొరలుగా లేచిపోయింది. బోర్డు కోసిచ్చిన వడ్రంగి మేస్త్రీ చూసి, "దాన్నెందుకు సార్ తవ్వడం? పైన మెత్తటిదేదన్నా పరిచి దాన్ని కోసుకోండి" అన్నారు. అలా సన్‌బోర్డు వచ్చింది.

1. మొదట సన్‌బోర్డు మీద కార్బన్ పేపరుతో ట్రాకు దింపుకోవాలి.
2. సెరాల్యో దగ్గర రోడ్డు వెడల్పున, 120 మిల్లీమీటర్ల పొడవున ముక్క కోసి తీసేయాలి.
3. ఆ గాడిలో కార్డు షీటు ముక్కను రెండు చివర్లా పైఅంచుకీ, మధ్యలో ప్లైవుడ్‌కీ అంటించాలి. పల్లం దానంతటదే వస్తుంది.
4. ఓవల్‌ను పైనుంచి చదునుగా తీసుకెళ్ళాలి. కింద 3 మిల్లీమీటర్లకు పైగా ఖాళీ మిగులుతుంది. నేల మీద 6 మీటర్లు, చాలు.

ఇప్పటిదాకా: 31 గంటలు, రూ. 2,250.

దశ 4: వాలు మలుపు మొండికేసింది

1922 నాటి ఓవల్ మలుపులకు వాలు కొద్దిగానే ఉండేది. వాటిని 1930ల చివర్లో తొలగించారు. 1955లో వచ్చినవి వేరే జాతి. కాంక్రీటు కాళ్ళ మీద నిలబెట్టిన కాంక్రీటు పలక, సుమారు 320 మీటర్ల వ్యాసార్ధం. లోపలి అంచు దగ్గర దాదాపు చదును, పైకి పోయేకొద్దీ నిటారు, చిట్టచివర వాలు 80 శాతం. అంటే 100 మీటర్లు అడ్డంగా పోతే 80 మీటర్లు పైకి. కోణమాని మీద 38.7 డిగ్రీలు. ఇంటి మెట్లు కూడా దాదాపు అంతే ఉంటాయి. మెట్ల మీద కారు ఊహించుకోండి.

1:2000లో ఈ మలుపు 160 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో 5 మిల్లీమీటర్ల పట్టీ. అంత సన్నటి పట్టీలో మారే వాలు కనిపించదు, ఒకే వాలు పెట్టాను.

మొదటి ప్రయత్నం: తిన్నటి కార్డు పట్టీని వంచాను. పైఅంచు చాలక పట్టీ మొత్తం నిలువుగా లేచింది, గోడలా. రెండోది: 160 వ్యాసార్ధంతో వంపు పట్టీ కోసి వాల్చాను. వాల్చగానే చివర్లు ముందుకొచ్చి అరవృత్తం మూసుకుపోయింది. ఓవల్ కాస్తా బెండకాయ అయింది.

అప్పుడు గుర్తొచ్చింది, ఇది గరాటా. గరాటాను విప్పి పరిస్తే వచ్చే వంపు అసలు వంపు కంటే పెద్దది:

1. వాలు కోణం కొసైను తీసుకోండి. 38.7 డిగ్రీలకు 0.781.
2. వ్యాసార్ధాన్ని దానితో భాగించండి. 160 ÷ 0.781 = 205 మిల్లీమీటర్లు.
3. 180 డిగ్రీలను దానితో గుణించండి. 140.6 డిగ్రీలు.
4. 205 లోపలి వ్యాసార్ధం, 210 బయటి వ్యాసార్ధంతో 140.6 డిగ్రీల పట్టీ కోయండి. అంటించుకోవడానికి రెండు చివర్లా కొంచెం వదలండి.

కోసి పెట్టగానే కూర్చుంది. జిగురు కూడా అడగలేదు. ఇది పాలిటెక్నిక్ మొదటి ఏడాది డ్రాయింగులో నేర్చుకున్న సంగతే. పరీక్షలో మార్కులొచ్చాయి, ఇంట్లో మాత్రం రెండు పట్టీలు చెత్తబుట్టలో పడ్డాకే గుర్తొచ్చింది.

ఇప్పటిదాకా: 44 గంటలు, రూ. 2,500. దారం లెక్క అతికించాక: రోడ్డు 2.877, ఓవల్ 2.126, మొత్తం 5.003 మీటర్లు.

దశ 5: మలుపు ముక్క, 1:100

పెద్ద నమూనాలో అసలు విషయమే కనిపించలేదని అసంతృప్తి. పైకి పోయేకొద్దీ పెరిగే వాలును చూపించాలంటే పెద్ద స్కేలు కావాలి. అందుకని మలుపులో 15 డిగ్రీల ముక్క ఒకటి 1:100లో విడిగా చేశాను. వ్యాసార్ధం 3.2 మీటర్లు, లోపలి అంచు పొడవు 838 మిల్లీమీటర్లు.

అడ్డకోత కోసం పారాబోలా (పోయేకొద్దీ నిటారయ్యే వంపు) తీసుకున్నాను. అడ్డంగా 100 మిల్లీమీటర్ల వెడల్పు పెట్టుకున్నాను. ఈ వెడల్పు, ఈ వంపు నా నమూనా కోసం నేను పెట్టుకున్నవి. చివరి వాలు మాత్రం అసలుదే. ఎత్తులు ఇవీ: 25 దగ్గర 2.5, 50 దగ్గర 10, 75 దగ్గర 22.5, 100 దగ్గర 40 మిల్లీమీటర్లు.

మొదట 3 డిగ్రీలకొకటి చొప్పున 6 పక్కటెముకలు నిలబెట్టాను, 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో. వాటి మధ్య దూరం 168 మిల్లీమీటర్లు. కార్డు పరిస్తే మలుపు గుండ్రంగా కాక పలకలు పలకలుగా కనిపించింది. లెక్క వేస్తే రెండు పక్కటెముకల మధ్య వంపుకీ తిన్నటి గీతకీ తేడా 1.1 మిల్లీమీటర్లు. డిగ్రీకొకటి చొప్పున 16 పెడితే ఆ తేడా 0.12కి దిగుతుంది. మిగతా పది కోశాను. చేతి రంపంతో కోస్తే ఒక్కోటీ ఒక్కో తీరు. పదహారింటినీ ఒకటిగా బిగించి ఎమెరీ పేపరుతో కలిపి రుద్దాక ఒక దారికొచ్చాయి. ఇది మొదటే చేసుంటే ఒక సాయంత్రం మిగిలేది.

తర్వాత పైతోలు. ఒకే కార్డు షీటు పరిస్తే పైఅంచు చిరిగింది. కింది అంచు 838, పైఅంచు 864. ఆ 26 మిల్లీమీటర్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? గరాటా లెక్క ఇక్కడ పనిచేయదు, వాలు మారుతోంది కదా. ఇది రెండువైపులా వంగిన తలం, ఏ కాగితమూ దీని మీద ముడత లేకుండా కూర్చోదు. చివరికి పడవ చెక్కల పద్ధతే: 10 మిల్లీమీటర్ల పట్టీలు 11. వంపు వెంబడి పొడవు 110 వచ్చింది కాబట్టి సరిగ్గా సరిపోయాయి. సందుల్లో వాల్ పుట్టీ.

పుట్టీ ఒకేసారి 3 మిల్లీమీటర్ల మందం పెట్టాను. తెల్లారేసరికి ఎండిన చెరువులా పగుళ్ళు. గీకేసి, అర మిల్లీమీటరు చొప్పున నాలుగు పూతలు, పూతకీ పూతకీ ఒక రాత్రి. మా ఆవిడ భోజనాల బల్ల వారం రోజులు నా ఆధీనంలోనే ఉండిపోయింది. మేం వరండాలో తిన్నాం.

ఇప్పటిదాకా: 74 గంటలు, రూ. 3,000.

దశ 6: గోలీ పరీక్ష

ఇది ప్లానులో లేదు. సెలవులకొచ్చిన మా మేనల్లుడు ముక్కను చూసి, "మావయ్యా, ఇంత వాలు మీద కారు కిందకి జారిపోదా?" అని అడిగాడు. వేగంగా పోతే జారదురా అన్నాను. "ఎంత వేగం?" అన్నాడు. అక్కడ దొరికిపోయాను.

కాగితం మీద లెక్క: 80 శాతం వాలు, 320 మీటర్ల వ్యాసార్ధం. టైరు పట్టు అసలు లేకపోయినా కారు కిందకీ పైకీ జారకుండా నిలిచే వేగం సెకనుకు 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లు. అంతకంటే నెమ్మదిగా పోయేవాడు కింద, వాలు తక్కువున్న చోట పోవాలి. వాలు మారేలా పోయడంలో కిటుకు అదే, ప్రతి వేగానికీ తన గీత తనకుంటుంది.

వాడు నమ్మలేదు. ముప్పావు అంగుళం పీవీసీ పైపు, 10 మిల్లీమీటర్ల బేరింగ్ గోలీలు తెచ్చాం.

1. పైపు పైచివర మీటరు ఎత్తున ఉండేలా వాల్చి కట్టాం. దొర్లే గోలీ కిందకొచ్చేసరికి లెక్క ప్రకారం సెకనుకు 3.74 మీటర్లు.
2. ఆ వేగానికి సరిపడే వాలు 45 శాతం. నా పారాబోలాలో అది లోపలి అంచు నుంచి 56 మిల్లీమీటర్ల గీత.
3. ముక్క మీద సుద్దపొడి చల్లి గోలీ వదిలాం.

మొదటి ఐదు గోలీలూ పట్టీల అతుకుల మీద ఎగిరి పక్కకు పోయాయి. కళ్ళకు నున్నగా కనిపించిందే గానీ, గోలీకి మెట్లు తగిలాయి. అసలు మోంజాలోనూ గొడవ ఇదే. కాంక్రీటు ఎగుడుదిగుడుగా ఉండి కార్లను కుదిపేసేది. 1960లో ఈ వాలు మలుపులు ప్రమాదమని బ్రిటిష్ జట్లు రేసుకే రాలేదు. 220 నంబరు ఎమెరీతో రుద్ది, ఇంకో పూత వేసి, మళ్ళీ వదిలాం.

పైపు మూతి 56 గీత మీద పెడితే గోలీ కొద్దిగా కిందకి దిగింది. లోపలి అంచున పెడితే గోలీ పైకెక్కుతూ పోయి చివర బయటకు దూకింది. 50 గీత మీద పెట్టినప్పుడు సుద్దలో జాడ అంచుకు సమాంతరంగా వచ్చింది, పదిలో ఏడుసార్లు. 50 గీతకు తగ్గ వేగం 3.57. అంటే పైపులో రాపిడికి 4 శాతం పైగా పోయింది. నాకు అది చాలు. మేనల్లుడు 180 సంగతి వదిలేసి, "మరి రేసులో ఎంత వేగంతో పోయేవాళ్ళు?" అన్నాడు.

అసలు కథ అక్కడుంది. ఈ మలుపుల్ని సుమారు 285 కిలోమీటర్ల వేగానికి తగ్గట్టు వేశారు. 1957లో అమెరికన్ కార్లు ఇక్కడికొచ్చి ఓవల్ మీదే 500 మైళ్ళ రేసు చేస్తే, గెలిచిన జిమ్మీ బ్రయాన్ సగటు వేగం గంటకు 257 కిలోమీటర్లు. 180 దాటాక మిగతాదంతా టైరు మోయాల్సిందే. 285 దగ్గర కారును కాంక్రీటు మీదకు అదిమే బలం దాని బరువుకు రెండింతలు. నేను రెండుసార్లు లెక్క చూసుకున్నాను, 2.03 వచ్చింది. సస్పెన్షన్, స్టీరింగు, టైర్లు మలుపు పొడవునా ఆ రెండింతలు మోస్తూ అతుకుల మీద ఎగరాలి. 1955లో ప్రాక్టీసులో టైరు పోయి డ్రైవరు ఫరీనా నడిపే లాన్సియా కారు అదుపు తప్పింది, లాన్సియా కార్లను రేసు నుంచి తప్పించారు. తర్వాతి ఏడాది గెలవబోతున్న ముస్సో కారుకు చివర్లో స్టీరింగు విరిగింది. వాలు ఎక్కువైతే మలుపు సులువవుతుందని నేను ఇన్నాళ్ళూ అనుకున్నది సగమే నిజం. డ్రైవరుకు తగ్గిన బరువు టైరు మీద పడింది.

1961లో డ్రైవరు వాన్ ట్రిప్స్‌తో పాటు పదిహేను మంది ప్రేక్షకులు చనిపోయిన ప్రమాదం మాత్రం ఈ వాలు మలుపుల్లో జరగలేదు. పారబోలికాకు ముందు, రోడ్డు ట్రాకు మీద జరిగింది. అయినా ఫార్ములా వన్ రేసు ఆ తర్వాత ఓవల్‌కు తిరిగి రాలేదు. 1969లో 1000 కిలోమీటర్ల రేసుతో పెద్ద రేసులు కూడా ఆగిపోయాయి.

దశ 7: రంగు

రెండు ట్రాకులకూ ఒకే ముదురు బూడిద రంగు వేశాను. తప్పు. ఓవల్ మలుపులది కాంక్రీటు తెలుపు, రోడ్డుది తారు. దూరం నుంచి చూసి ఏది ఏదో గుర్తుపట్టేది ఆ తేడాతోనే. మలుపుల మీద లేత బూడిద రంగు మళ్ళీ వేసి, అతుకుల కోసం హెచ్‌బీ పెన్సిలుతో సన్నగా గీతలు పెట్టాను. పెన్నుతో ప్రయత్నించకండి, పాకుతుంది. చెట్లకు ఎండిన టీ పొడి, పచ్చ రంగులో నానబెట్టి ఆరబెట్టింది. పార్కు కాబట్టి చాలా కావాలి, నాకు పావు కిలో పట్టింది. వర్షాకాలంలో చేస్తే బూజు వస్తుంది, నాకు లెస్మో దగ్గర వచ్చింది. ఫెవికాల్‌లో నీళ్ళు కలిపి పైన చల్లితే ఆగింది.

ఇప్పటిదాకా: 93 గంటలు, రూ. 3,600. దారం: రంగు వేశాక మళ్ళీ కొలవలేదు, జిగురుకు అంటుకుంటోంది.

మిగిలింది: పెద్ద ముక్క పైఅంచున రక్షణ కంచె, 864 మిల్లీమీటర్లు. రాగి తీగ అనుకున్నాను, కానీ తీగ 3.3 మీటర్ల వంపులో నిలవకుండా తిన్నగా లేస్తోంది. పదహారు పక్కటెముకలకూ పైన చిన్న రంధ్రాలు పెట్టి దారంతో కుట్టాలేమో. పక్కటెముకలు అంటించక ముందే పెట్టాల్సిన రంధ్రాలు.